దుప్పటి ఎత్తి రెండు కాళ్లూ చూడండి

ఈ శీర్షికలో ఇంతవరకు నామినేషన్లు, ఫిక్సెడ్ డిపాజిట్లు, పెన్షన్ కాగితాలు, అన్నదమ్ముల పంపకాలు ఇలాంటి వాటి గురించే ముచ్చటించుకున్నాం. ఈసారి కొంచెం దారి మళ్లుతున్నాను. ఐ.సి.యు.లో పడుకున్న పిల్లల కాళ్లలో నెత్తురు గడ్డకట్టడం గురించి రాస్తున్నాను. బి.కాం. చదివి, లెడ్జర్ల మధ్య తల నెరసిన వాడికి ఈ వైద్యం గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే!

దానికి జవాబు మా హెబ్బగోడిలోనే ఉంది. హోసూరు రోడ్డు మీద ఎలక్ట్రానిక్ సిటీ దాటగానే వచ్చే ఊరు ఇది. ఒకప్పుడు రాగి చేలు, చెరువులు. ఇప్పుడు ఒకవైపు ఫ్యాక్టరీలు, ఒకవైపు అపార్టుమెంట్లు. 2025 ఆగస్టులో పసుపు రంగు మెట్రో లైను కూడా ప్రారంభమైంది. ఆ లైనులో మా ఊరి స్టేషను తరువాత కొద్ది దూరంలోనే బొమ్మసంద్ర. అక్కడే 2001లో డాక్టర్ దేవి శెట్టిగారు నారాయణ హృదయాలయ ప్రారంభించారు. 2003లో లాహోరు నుంచి బస్సులో వచ్చిన రెండేళ్ల పాపకు గుండె ఆపరేషను జరిగింది అక్కడే. అప్పట్లో పత్రికలన్నీ రాశాయి, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అనంతపురం, హిందూపురం, మదనపల్లె, కర్నూలు వైపు నుంచి పిల్లల్ని ఎత్తుకుని వచ్చే తల్లిదండ్రులు ఈ దారిన కనబడని రోజు ఉండదు. వాళ్లలో కొందరు డిపాజిట్ రసీదు పట్టుకుని, గడువుకు ముందే రద్దు చేసి డబ్బు ఇమ్మని మా బల్లల ముందు కూర్చుంటారు. ఫారం నింపుతూ నింపుతూ మనసులో ఉన్నదంతా చెబుతారు. ఆపరేషను అంటే వాళ్లకు తెలుసు. ఐ.సి.యు. అన్నా తెలుసు. ‘‘కాల్లో గడ్డ కట్టిందంటున్నారు సార్, గుండెకు చేస్తే కాలికి ఎందుకు వచ్చింది?’’ అన్నచోట మాత్రం ఆగిపోతారు. ఆ ప్రశ్నకు తెలిసినంతలో జవాబు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. మందులు, మోతాదులు నిర్ణయించేది డాక్టర్లే. మనం తెలుసుకోవలసింది ఏమి చూడాలి, ఏమి అడగాలి అన్నంతవరకే.

ముందు నెత్తురు సంగతి చూద్దాం. కూరగాయలు తరుగుతుంటే వేలు తెగుతుంది. కాసేపు కారి ఆగిపోతుంది. ఆపింది ఎవరు? నెత్తురే. డెంగ్యూ పుణ్యమా అని ఇంటింటా తెలిసిపోయిన ప్లేట్‌లెట్లు ముందుగా గాయం దగ్గర గుమిగూడతాయి. తరువాత ఫైబ్రిన్ అనే సన్నని దారాలు వలలాగా అల్లుకుని గడ్డను బిగిస్తాయి. ఈ ఏర్పాటే లేకపోతే చిన్న గాయానికే ప్రాణం పోయేది. కాని అదే గడ్డ గాయం లేనిచోట, నెత్తురు పారే నాళం లోపల కడితే ప్రమాదం. కాలువకు గట్టు ఉండాలి గాని, కాలువ మధ్యలో గట్టు ఉంటే నీళ్లు పారవు కదా!

ఇలా నాళం లోపల ఎందుకు కడుతుంది? దీన్ని గురించి 19వ శతాబ్దం మధ్యలో, ముఖ్యంగా 1856లో అచ్చయిన తన రచనల్లో, జర్మనీకి చెందిన రుడాల్ఫ్ విర్కో అనే డాక్టరు లోతుగా చర్చించాడు. ఆ ఆలోచనల నుంచి వచ్చిన మూడు కారణాలను ఈనాటికీ వైద్య విద్యార్థులు ఆయన పేరుతోనే చదువుకుంటారు. ఒకటి, నెత్తురు నెమ్మదిగా పారడం. రెండు, నాళం లోపలి గోడకు దెబ్బ తగలడం. మూడు, నెత్తురే మామూలుకంటె త్వరగా గడ్డకట్టే స్థితిలో ఉండడం. మూడింట్లో ఒకటి ఉన్నా అనుమానమే. మూడూ కలిస్తే ఇక చెప్పేదేముంది?

ఇప్పుడు ఐ.సి.యు. మంచం మీద పడుకున్న బిడ్డను తలుచుకోండి. మత్తుమందు మీద ఉంది, కాళ్లు కదలడం లేదు. నెత్తురు నెమ్మదించింది. జ్వరం, చీము, ఆపరేషను, వాంతులతో ఒంట్లో నీరు తగ్గడం వల్ల నెత్తురు గడ్డకట్టే గుణం పెరిగింది. ఇక నాళం గోడకు దెబ్బ ఎక్కడ తగిలిందంటారా? అక్కడే అసలు సంగతి ఉంది.

పెద్దవాళ్లలో కాలి గడ్డలు తరచు వినేవే. మోకాలు మార్పిడి తరువాతో, తుంటి ఎముక విరిగి మంచాన పడితేనో వస్తాయి. పిల్లల్లో మాత్రం ఊరికే రావు. వాళ్ల నెత్తుట్లో గడ్డకట్టించే పదార్థాలు కొన్ని తక్కువ స్థాయిలో ఉంటాయి. త్రాంబిన్ అనే గడ్డకట్టించే పదార్థాన్ని అదుపులో పెట్టే ఆల్ఫా-2 మాక్రోగ్లోబ్యులిన్ పెద్దలకంటె ఎక్కువగా ఉంటుంది. నాళాల గోడలు కూడా కొత్తవి, నునుపైనవి. పుట్టుకతోనే భగవంతుడు ఇచ్చిన రక్షణ అనుకోండి. కెనడాలో డాక్టర్ మోరీన్ ఆండ్రూ, ఆమె సహచరులు దేశవ్యాప్తంగా వివరాలు సేకరించి 1994లో ప్రచురించారు. మొత్తం పిల్లల్లో చూస్తే ఏడాదికి పది లక్షల మందిలో 7 మందికే ఈ జబ్బు కనబడింది. ఆస్పత్రిలో చేరిన పిల్లల్లో చూస్తే మాత్రం 10,000 మందిలో 5 మందికి పైగా. అంటే ఇంట్లో ఆడుకునే పిల్లవాడికి దాదాపు లేని భయం, ఆస్పత్రి మంచం ఎక్కగానే ఎన్నో రెట్లు పెరుగుతుంది.

మరో లెక్క కూడా చూడండి. అమెరికాలోని పిల్లల ఆస్పత్రుల్లో 2001లో 10,000 చేరికలకు 34గా ఉన్న ఈ గడ్డల సంఖ్య 2007 నాటికి 58 అయింది. ఆరేళ్లలో 70 శాతం పెరుగుదల! పైకి చూస్తే వైద్యం దిగజారిందా అనిపిస్తుంది. నిజం దానికి దాదాపు తలకిందులు. వెనకటి రోజుల్లో అయితే బతకని పిల్లలు ఇప్పుడు బతుకుతున్నారు. నెలలు నిండని పసికందులు, గుండెలో రంధ్రం ఉన్నవాళ్లు, క్యాన్సరు పిల్లలు వారాల తరబడి ఐ.సి.యు.లో ఉండి బయటపడుతున్నారు. వాళ్లను బతికించడానికి గొట్టాలు ఎక్కువ వాడుతున్నారు. స్కాన్లు మెరుగుపడి గడ్డలు ఎక్కువగా దొరుకుతున్నాయి. మా భాషలో చెప్పాలంటే, బ్రాంచి పెరిగి అప్పులు ఎక్కువ ఇస్తే మొండి బాకీల సంఖ్యా కొంత పెరుగుతుంది. అంతమాత్రాన అప్పులు ఇవ్వడం మానరు, వసూళ్ల మీద కన్ను వేస్తారు. ఇక్కడా అంతే.

ఆ గొట్టం సంగతి ఇప్పుడు చెబుతాను. చేతికి పెట్టే మామూలు సూది అందరికీ తెలిసిందే. బాగా జబ్బుపడిన బిడ్డకు అది చాలదు. గుండెను నిలబెట్టే ఘాటైన మందులు చిన్న నాళంలోకి పంపితే ఆ నాళం పాడవుతుంది. మాటిమాటికీ నెత్తురు తియ్యాలి, అనేక మందులు ఒకేసారి ఎక్కించాలి. అందుకని మెడలోనో, భుజం కిందనో, గజ్జలోనో ఉన్న పెద్ద సిరలోకి పొడుగాటి సన్నని గొట్టం పంపుతారు. దీన్నే సెంట్రల్ లైను అంటారు. గజ్జలో పెట్టేది ఫెమొరల్ లైను. గుక్కతిప్పుకోలేని పిల్లవాడికి మెడ దగ్గర పనిచేయడం కష్టమైనప్పుడు, క్షణాల మీద పని జరగాల్సినప్పుడు, గజ్జలో పెట్టడం డాక్టరుకు అనువుగా ఉంటుంది. ప్రాణాలు నిలిపే గొట్టం అది.

కాని చిన్న బిడ్డ సిర ఎంత ఉంటుంది? అందులో గొట్టం దూరిస్తే నెత్తురు పారే దారి సగం మూసుకున్నట్టే. సూది దిగినచోట గోడకు దెబ్బ. గొట్టం పరాయి వస్తువు కనుక దాని చుట్టూ నెత్తురు పేరుకోవడానికి చూస్తుంది. విర్కో చెప్పిన మూడు కారణాలూ ఒకేచోట చేరాయన్నమాట! అందుకే పిల్లల్లో గడ్డలకు అన్నిటికంటె పెద్ద కారణం ఈ సెంట్రల్ లైనే. పసికందుల్లో అయితే దాదాపు అన్నిటికీ అదే కారణం. వయసు ప్రకారం చూస్తే ఏడాది లోపు పిల్లలకు, మళ్లీ పదమూడు పద్నాలుగేళ్లు దాటినవాళ్లకు ప్రమాదం ఎక్కువ. షుగరు బాగా పెరిగి స్పృహ తప్పిన పిల్లలు, మూత్రంలో ప్రొటీన్ పోయే నెఫ్రోటిక్ జబ్బువాళ్లు, రక్త క్యాన్సరుకు యాస్పరాజినేజ్ అనే మందు తీసుకునేవాళ్లు, పెద్ద దెబ్బలు తగిలినవాళ్లు, గుండె ఆపరేషను అయినవాళ్లు, వీళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం.

మా బంధువుల్లో జరిగిన సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. ఇది మా ఊరిలో కాదు, వేరే నగరంలో. పిల్లవాడికి పదకొండేళ్లు. అప్పటిదాకా షుగరు ఉన్నట్టే ఎవరికీ తెలియదు. వారం రోజులు దాహం, వాంతులు, ఆ తరువాత మగత. ఐ.సి.యు.లో చేర్చి ఎడమ గజ్జలో లైను పెట్టారు. మూడు రోజులకు షుగరు దారికి వచ్చింది, కళ్లు తెరిచాడు. ఇంటిల్లిపాదీ గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నారు. ఆ పిల్లవాడి నాయనమ్మ, నాకు అత్తయ్య వరస, నాలుగో రోజు సాయంత్రం చూడడానికి లోపలికి వెళ్లింది. ఏ.సి. చల్లదనానికి బిడ్డను మెడదాకా కప్పి ఉంచారు. ఆవిడ దుప్పటి పక్కకు తీసి కాళ్లు నిమరబోయి ఆగింది. ఎడమ కాలి చీలమండకు దిష్టికని కట్టిన నల్లతాడు ఉంది. నర్సును పిలిచి, ‘‘సిస్టరమ్మా, ఈ తాడు మొన్న వేలు దూరేటంత వదులుగా ఉండెనమ్మా. ఇవాళ కండలోకి దిగింది చూడు’’ అన్నదట.

ఆ నర్సు మంచి మనిషి. మడికి కట్టుకున్న ముసలమ్మ చాదస్తం అని తీసిపారెయ్యలేదు. కత్తెరతో తాడు తీసి, టేపు తెచ్చి రెండు పిక్కలూ కొలిచింది. ఎడమది కుడిదానికంటె స్పష్టంగా లావుగా ఉంది. డ్యూటీ డాక్టరుగారు వచ్చి చూశారు. ఆ రాత్రే డాప్లర్ స్కాన్ తీశారు. తొడలోని పెద్ద సిరలో గడ్డ! వెంటనే హెపారిన్ మందు మొదలుపెట్టారు, లైను అవసరం తీరాక తీసేశారు. పిల్లవాడు ఇప్పుడు రోజూ ఇన్సులిన్ తీసుకుంటూ బడికి వెళుతున్నాడు, కబడ్డీ కూడా ఆడతాడు. దీంట్లో తాడు మహిమ ఏమీ లేదు. నిజానికి వాపు వచ్చే కాలికి బిగుతైన దారం, గొలుసు ఏదీ ఉండకూడదు. మహిమ అంతా ఆ చూపుది. నిన్న ఎలా ఉందో గుర్తు పెట్టుకుని, ఇవాళ ఎలా ఉందో పోల్చి చూసిన చూపు.

గడ్డను పట్టుకోకపోతే ఏమవుతుందని అడుగుతారు. కొన్ని గడ్డలు చిన్నవి, వాటంతట అవే కరిగిపోతాయి. చాలావాటికి పైకి ఏ లక్షణమూ ఉండదు. కాని కొన్ని పెరుగుతాయి. ఒక ముక్క విడిపోయి నెత్తుటితో పైకి పోతే ఊపిరితిత్తుల్లో అడ్డం పడుతుంది. అప్పుడు హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో నొప్పి, ఒంట్లో ఆక్సిజన్ పడిపోవడం జరుగుతుంది. గుండెలో రంధ్రం ఉండి, కుడివైపు నెత్తురు ఎడమవైపుకు కలిసే పిల్లల్లో ఇంకో భయం ఉంది. కాలి నుంచి బయలుదేరిన ముక్క ఊపిరితిత్తులకు పోకుండా ఆ రంధ్రం గుండా దాటి మెదడుకు పోవచ్చు. అది పక్షవాతానికి దారితీస్తుంది. గుండెకు ఆపరేషను చేస్తే కాలి సంగతి ఎందుకు చూస్తారంటే ఇందుకే. ఇవి రెండూ కాకపోయినా, మూసుకుపోయిన సిర ఆ బిడ్డకు మళ్లీ అవసరమైనప్పుడు పనికిరాదు. రెండో ఆపరేషను, మూడో ఆపరేషను ఉన్న పిల్లలకు ఇది చిన్న నష్టం కాదు. కొందరికి ఏళ్ల తరబడి ఆ కాలు బరువుగా ఉండడం, సాయంత్రానికి వాచడం, చర్మం రంగు మారడం ఉంటాయి.

మరి అలాంటప్పుడు ఐ.సి.యు.లో చేరిన ప్రతి బిడ్డకూ ముందే గడ్డకట్టని మందు ఇచ్చేస్తే పోలేదా? నాకూ ఈ సందేహం వచ్చింది. పెద్దవాళ్ల ఐ.సి.యు.లో చాలామందికి అలాగే ఇస్తారు. పిల్లల్లో అంత సులభం కాదు. గడ్డకట్టకుండా చేసే మందుకు నెత్తురు కారించే గుణం ఉంటుంది. కొత్తగా ఆపరేషను అయిన బిడ్డకు, ప్లేట్‌లెట్లు పడిపోయిన డెంగ్యూ బిడ్డకు, మెదడులో నెత్తురు చిమ్మే ప్రమాదం ఉన్న పసికందుకు అదే ప్రాణాపాయం. పెద్దలకు కాళ్లకు తొడిగే బిగుతు మేజోళ్లు, గాలి నింపి పిక్కలను నొక్కే సంచులు పసిపిల్లల కాళ్లకు సరిపోవు. పెద్ద పిల్లలకైతే వాడతారు. అందువల్ల అందరికీ ఒకటే నియమం కుదరలేదు. ఒక్కొక్క బిడ్డకు విడివిడిగా లెక్క వేయాలి. జమ ఒకవైపు, ఖర్చు ఒకవైపు. ఒకదాన్ని చూసి రెండోదాన్ని మరిచిపోతే ఆ లెక్క తేలదు.

అందరికీ వర్తించే మంచి నివారణ మాత్రం ఒకటి ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. గొట్టం అవసరం తీరిన రోజునే తీసివేయడం! మంచి ఐ.సి.యు.లలో పొద్దున్నే డాక్టర్లు చుట్టి వచ్చేటప్పుడు ప్రతి మంచం దగ్గరా ‘‘ఈ లైను ఇవాళ కూడా కావాలా?’’ అని ప్రశ్న వేసుకుంటారు. దానివల్ల గడ్డలే కాదు, లైను ద్వారా సోకే చీము జబ్బులు కూడా తగ్గుతాయి. మా బ్యాంకులో సాయంత్రం నగదు సరిపోలందే తాళం పడదు. నిన్న సరిపోయింది కదా అని ఇవాళ వదిలేయం. రోజు లెక్క రోజుదే. లైను లెక్క కూడా అంతే.

ఇక తల్లిదండ్రులు చేయగలిగింది ఏమిటి? లోపలికి వెళ్లనిచ్చేది పది నిమిషాలో, పావుగంటో. ఆ కాస్త సమయంలో ఏడుస్తూ నుదురు నిమిరి రావడం సహజం. దానితోపాటు సిస్టరుగారి అనుమతి అడిగి దుప్పటి ఎత్తి రెండు కాళ్లూ పక్కపక్కన చూడండి. ఒక కాలు వాచిందా? ఒకటి ఎర్రగానో, నీలంగానో ఉందా? ముట్టుకుంటే ఒకటి వేడిగా ఉందా? ముట్టుకుంటే బిడ్డ ముఖం ముడుచుకుంటోందా? పిక్క మీదో, తొడ మీదో సిరలు ఉబ్బి కనబడుతున్నాయా? మెడలోనో చేతిలోనో లైను ఉంటే ఆ చెయ్యి, మెడ, ముఖం వాచాయా? వీటిలో ఏది కనబడినా వెంటనే చెప్పండి. ‘‘పెద్ద డాక్టర్లకు తెలియదా, మనం చెబితే బాగుంటుందా’’ అని మొహమాటపడకండి. నర్సు పది పిల్లల్ని చూస్తుంది. మీరు మీ బిడ్డను పుట్టినప్పటినుంచి చూస్తున్నారు. మాట మర్యాదగా ఉంటే చాలు, ‘‘డాక్టరుగారూ, ఈ కాలు నిన్నటికంటె వాచినట్టుంది, ఒక్కసారి కొలవండి’’ అంటే ఎవరూ కోప్పడరు. అలాగే ‘‘ఈ లైను ఇంకా ఎన్నాళ్లు అవసరం?’’ అని అడగడం కూడా మీ హక్కే.

అంతమాత్రాన గొట్టమే వద్దని పేచీ పెట్టకండి. సంతకం పెట్టనని మొండికేయకండి. ఆ సమయంలో గొట్టం లేకపోతే బిడ్డే ఉండకపోవచ్చు.

ఇంకొక ముఖ్యమైన మాట. మన ఇళ్లలో కాలు వాచిందంటే ఆముదమో, నువ్వులనూనెనో రాసి గట్టిగా మర్దన చేస్తారు. ఇసుక మూటతో కాపడం పెడతారు. వాచిన కాలికి ఆ పని పొరపాటున కూడా చేయకండి. లోపల గడ్డ ఉంటే మర్దనకు ముక్క విడిపోయి పైకి పోవచ్చు. కాపడం వేడికి స్పృహ సరిగా లేని బిడ్డ చర్మం కాలిపోవచ్చు. కాళ్లు ఎప్పుడు కదిలించాలో, ఎలా వ్యాయామం చేయించాలో ఫిజియోథెరపీ వాళ్లు చెబుతారు. వాళ్లు చూపించినట్టే చేయండి.

గడ్డ ఉందని తేలితే బెంబేలు పడనక్కరలేదు. వైద్యం ఉంది. అందులో పాతదీ, గట్టిదీ హెపారిన్. 1916లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి, గడ్డకట్టించే పదార్థం కోసం వెతుకుతూ గడ్డకట్టకుండా ఆపే పదార్థాన్ని కనుక్కున్నాడు! కుక్క కాలేయం నుంచి తీశారు కనుక, గ్రీకు భాషలో కాలేయం పేరు మీద దానికి హెపారిన్ అని పేరు వచ్చింది. నేడు ఎక్కువగా పంది పేగుల నుంచి తీస్తారు. దీని తయారీలో మన తెలుగువారి పాత్ర తక్కువేమీ కాదు. 1953లో హైదరాబాదులో మొదలైన బయలాజికల్ ఇ. సంస్థ మన దేశంలో హెపారిన్ తయారీకి ముందుగా పూనుకున్న వాటిలో ఒకటి. 1978లో అదే నగరంలో పి.వి.ఎన్. రాజుగారు స్థాపించిన గ్లాండ్ ఫార్మా కూడా హెపారిన్ మందులతోనే పేరు తెచ్చుకుంది. బిడ్డ మంచం పక్కన వేలాడే ఆ చిన్న సీసా వెనక ఇంత కథ ఉంది.

హెపారిన్‌లోనే చిన్న అణువుల రకం ఒకటి ఉంది, ఎనాక్సపారిన్ అంటారు. రోజుకు రెండుసార్లు చర్మం కింద సూది. తల్లిదండ్రులు నేర్చుకుంటే ఇంట్లోనే ఇవ్వవచ్చు. ఇక వార్ఫరిన్ మాత్ర ఉంది. 1920ల్లో కెనడాలో, అమెరికాలో పాడైన గడ్డి మేసిన పశువులు నెత్తురు ఆగక చచ్చిపోతుంటే, కారణం వెతకగా వెతకగా చివరికి పుట్టిన మందు ఇది. 1948లో ఎలుకల మందుగా బజారుకు వచ్చి, 1954లో మనుషుల మందుగా అనుమతి పొందింది. వార్ఫరిన్ వాడే పిల్లలకు ఐ.ఎన్.ఆర్. అనే నెత్తురు పరీక్ష క్రమం తప్పకుండా చేయించాలి. గోంగూర, పాలకూర, తోటకూర పూర్తిగా మానిపించనక్కరలేదు. ఒక వారం అసలు పెట్టకుండా, మరో వారం రోజూ పెట్టడం మాత్రం కూడదు. ఇంచుమించు ఒకే మోతాదులో పెట్టాలి. ఇటీవల డాబిగాట్రాన్, రివరోక్సాబాన్ అనే కొత్త మందులు కూడా పిల్లలకు వచ్చాయి. 2021లో అమెరికా ప్రభుత్వ సంస్థ వీటికి అనుమతి ఇచ్చింది. ఏ బిడ్డకు ఏది తగునో డాక్టరు చెప్పాలి.

ఎంతకాలం వాడాలన్నది కుటుంబానికి పెద్ద ప్రశ్న. ప్రతి సూదికీ డబ్బు కదా! లైను వంటి తాత్కాలిక కారణంతో గడ్డ వచ్చినవాళ్లకు మామూలుగా మూడు నెలలు ఇచ్చేవారు. 2022లో వెలువడిన కిడ్స్-డాట్ అనే పరిశోధనలో 21 ఏళ్ల లోపు వాళ్లను నాలుగు వందల మందికి పైగా పరిశీలించారు. అలాంటి కారణంతో గడ్డ వచ్చి, ఆరు వారాల నాటి స్కానులో నాళం పూర్తిగా మూసుకుపోయి లేనివాళ్లకు ఆరు వారాల మందు మూడు నెలల మందుకు తీసిపోలేదని తేలింది. చాలా ఇళ్లకు ఇది చల్లని కబురు. అయితే ఆరు వారాలని చదివాం కదా అని మీ అంతట మీరు మందు ఆపకండి. ఆ స్కాను చూసి ఆపమని డాక్టరు చెప్పాలి. మందు నడిచినన్నాళ్లు చిగుళ్ల నుంచి నెత్తురు, నల్లటి విరేచనం, తగ్గని తలనొప్పి, తలకు దెబ్బ ఇలాంటివి ఉంటే ఆలస్యం చేయకూడదు. జ్వరానికి, నొప్పులకు సొంతంగా మాత్రలు వేయకూడదు. నాటు మందులు వాడుతుంటే దాచకుండా చెప్పాలి.

చివరగా, బ్యాంకు మనిషిని కనుక కాగితాల మాట చెప్పక మానలేను. డిశ్చార్జి సమ్మరీ అంటే బిల్లుకు జతపరిచే కాగితం అనుకుంటారు చాలామంది. ఆ కాగితంలో ‘ఎడమ తొడ సిరలో గడ్డ, ఫలానా మందు ఇన్ని వారాలు’ అన్న ఒక్క వాక్యం ఆ బిడ్డకు జీవితాంతం పనికొస్తుంది. రేపు మరో ఆపరేషను జరిగితే ఆ డాక్టరు వేరేచోట లైను పెట్టాలని నిర్ణయిస్తాడు. ఆడపిల్ల అయితే పెద్దయ్యాక గర్భం ధరించినప్పుడు, లేదా హార్మోను మాత్రలు రాసేముందు డాక్టరు ఈ సంగతి తెలుసుకోవాలి. ఆనాటికి అమ్మకు గుర్తుండకపోవచ్చు, కాగితానికి గుర్తుంటుంది. స్కాను రిపోర్టుతో సహా ఒక ఫైలులో పెట్టి, ఇంటి పత్రాలు, డిపాజిట్ రసీదులు ఎంత భద్రంగా దాస్తారో అంత భద్రంగా దాచండి. ఫోనులో ఫోటో తీసి ఉంచుకోండి కూడా.

విర్కో పుట్టినరోజు అక్టోబరు 13. 2014 నుంచి ఆ రోజును ప్రపంచ త్రాంబోసిస్ దినంగా జరుపుతున్నారు. మన సంఘంలో ఏటా రక్తదాన శిబిరం పెడుతున్నాం, సంతోషం. ఈ ఏడు ఆ సభలో ఒక పిల్లల డాక్టరుగారిని పిలిచి, ఈ విషయం మీద అరగంట మాట్లాడించమని కార్యవర్గానికి మనవి చేస్తున్నాను. మన ఇళ్లకు ఊరి నుంచి ఆస్పత్రి పనిమీద వచ్చి దిగే చుట్టాలు ఎందరో ఉంటారు. వాళ్లకు రాత్రి భోజనం, పడక మనం ఎలాగూ ఏర్పాటు చేస్తాం. పొద్దున వాళ్లు ఆస్పత్రికి బయలుదేరేటప్పుడు ఈ ఒక్క మాట కూడా చెప్పి పంపండి: లోపలికి వెళ్లగానే దుప్పటి ఎత్తి రెండు కాళ్లూ చూడమని.

వచ్చే సంచికలో మళ్లీ మన పాత దారికి వద్దాం. సీనియర్ సిటిజన్ల డిపాజిట్ల మీద పన్ను గురించి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటికి జవాబులు రాస్తాను. అందరి పిల్లలూ చల్లగా ఉండాలని కోరుకుంటూ, సెలవు.